అంచులు చదివిన కంట్రోలమ్మ

నీళ్ల ఆఫీసులో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. తలుపు దగ్గర కూర్చునే ప్యూను దగ్గర్నుంచి పై అంతస్తు ఇంజనీరు దాకా అందరికీ ఆమె కంట్రోలమ్మే. ఊళ్లో ట్యాంకులు, పంపులు ఎలా ఉన్నాయో ఒకచోట కూర్చుని కనిపెట్టే గది కంట్రోల్ రూమ్, అందులో కిటికీ పక్క కుర్చీ ఆమెది. అలా అతుక్కుపోయింది ఆ పేరు. ఇంట్లో మొగుడు కూడా అప్పుడప్పుడు అలాగే పిలిచేవాడు. పిలిచి, తిట్లు తిని, మర్నాడు మళ్లీ పిలిచేవాడు.

అంతకుముందు ఆమె మీటర్లు చదివే మనిషి. సంచి భుజాన తగిలించుకుని సందు సందూ తిరిగేది. మెట్ల చాటున, పూలకుండీల వెనక దాక్కున్న నీటి మీటర్లను వెతికి, మూత ఎత్తి, అంకెలు రాసుకునేది. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మనిషి కరుస్తాడో ఆమెకు కంఠతా వచ్చు. మోకాళ్లు మొరాయించాక ఆఫీసువాళ్లు తెచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. "ఇన్నాళ్లూ నేనే అంకెల దగ్గరికి నడిచాను. ఇక అవే నడిచొస్తాయి," అని ఆ సాయంత్రం మొగుడితో గొప్పగా చెప్పుకుంది.

అవి నడిచి కాదు, పరిగెత్తుకునే వచ్చేవి. ప్రతి ట్యాంకులోనూ నీటి మట్టం కొలిచే పరికరం ఒకటి, దాని పంపు గొట్టానికి ఒత్తిడి కొలిచే పరికరం ఒకటి. రెండూ రాత్రనక పగలనక అంకెలు పంపిస్తూనే ఉంటాయి. ఎప్పుడో ఉద్యోగం వదిలి వెళ్లిపోయినవాడెవడో రాసిన పాత ప్రోగ్రాము వాటిని వచ్చినవి వచ్చినట్టే తెర మీద కుమ్మరించేది. ట్యాంకుకో వరస. వరసలో ట్యాంకు నంబరు, మట్టం, ఒత్తిడి. అన్ని ట్యాంకులూ అయ్యాక ఒక ఖాళీ, మళ్లీ మొదటి నుంచి. అందచందాల ఊసే లేదు. మూడంకెలుంటే మూడు, నాలుగుంటే నాలుగు. ఒక వరస పొడుగు, ఒక వరస పొట్టి. తెర కుడివైపంతా ఎలుక కొరికిన కాగితంలా ఉండేది.

ఆ కొరుకుడే తనకు దిక్కవుతుందని ఆమె అప్పుడు అనుకోలేదు.

కుర్చీలోకి వచ్చిన కొన్నేళ్లకు కళ్లకేదో అడ్డం పడటం మొదలైంది. దేన్ని చూస్తే దాని మీదే మసక. పక్కనున్నవి మాత్రం బాగానే కనిపిస్తాయి. కళ్లద్దాలు మారిస్తే పోతుందనుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన చాలాసేపు లైటు వేసి చూసి, "చూపు నడిమధ్య పాడవుతోందమ్మా. అంచులు నిలుస్తాయి. పోయింది మాత్రం తిరిగి రాదు," అన్నాడు. ఆమె బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కాసేపు కూర్చుంది. తర్వాత ఇంటికెళ్లి, "కళ్లద్దాలు అక్కర్లేదన్నాడు," అని మొగుడితో చెప్పింది. అబద్ధం కాదు కూడా.

ఎందుకు దాచింది? భయం, మరేం లేదు. కళ్లు పోయాయంటే కుర్చీ పోతుంది, కుర్చీ పోతే ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టి అన్నీ చేతికందిస్తారు. ఊరంతా కాళ్లతో కొలిచిన మనిషికి ఆ మూల తలచుకుంటేనే ఊపిరాడేది కాదు.

మనిషికి అవసరం వస్తే తెలివి దానంతటదే పుడుతుంది. మొహం చూడాలంటే చెవి పక్కకు చూడాలని ఆమె నేర్చుకుంది. అక్షరాలు, అంకెలు ఎలా చూసినా కలగాపులగమే. కానీ తెర మీద వరస ఎక్కడ ఆగిందో ఆ అంచు మాత్రం ఓరచూపుకు చక్కగా దొరికేది. మట్టం మామూలుగా మూడంకెలు. వెయ్యి సెంటీమీటర్లు దాటిందంటే ట్యాంకు పొంగుతున్నట్టు, ఆ వరస ఒక అంకె మేర బయటికి వస్తుంది. ఒత్తిడీ మూడంకెలే. పంపు ఆగితే అది రెండుకు, ఆపైన ఒంటి సున్నాకు పడిపోతుంది, వరస లోపలికి ముడుచుకుంటుంది. ఖాళీ నుంచి అది ఎన్నో వరసో లెక్కపెడితే ఏ ట్యాంకుదో తెలిసిపోతుంది. "పొడుచుకొస్తే పొంగు, ముడుచుకుంటే పంపు," అని తనకు తనే ఓ సామెత కట్టుకుంది. దాంతోనే ఏళ్లు నెట్టుకొచ్చింది.

పైగా పేరు కూడా వచ్చింది. అందరూ అంకెలు ఒక్కొక్కటీ చదువుకుంటూ కూర్చుంటే ఆమె గుమ్మంలోంచే "నాలుగో పంపు ఆగింది చూడండ్రా" అనేది. పక్క కుర్చీలో ఉండే అతన్ని అందరూ రేడియో అంటారు, నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి. "మా అక్కవి డేగ కళ్లు," అని అతను వచ్చినవాడికల్లా చెప్పేవాడు. గంటగంటకూ రిజిస్టరులో రాయాల్సిన అంకెల సంగతి కూడా అతని నోటి పుణ్యాన గడిచిపోయేది. "నువ్వు చదివి రాయి, నేను తెర మీద సరిచూస్తా," అనేది ఆమె. గట్టిగా చదవమంటే అతనికి అంతకన్నా కావాల్సిందేముంది!

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదు అనుకుంటుందట. కంట్రోలమ్మదీ ఆ వరసే. ఊరి నీళ్లను కనిపెట్టాల్సిన మనిషి ఇలా నెట్టుకురావడం మంచిపనా అంటే, కాదు. ఆ మాట ఆమెకూ తెలుసు. తెలిసి, రోజూ రేపటికి వాయిదా వేసేది.

ఇలా ఉండగా మేనకోడలు వచ్చింది. ఆమె తమ్ముడి కూతురు, కంప్యూటరు చదువు పూర్తిచేసి ఇదే ఆఫీసులో తాత్కాలికపు పోస్టులో చేరింది. ఉండటం అత్త ఇంట్లోనే. పిల్ల బుద్ధిమంతురాలు గానీ సర్దుడు పిచ్చి ఒకటుంది. గుమ్మం దగ్గర చెప్పులు ముక్కులు కలిపి పెడుతుంది, అలమరలో గ్లాసులను ఎత్తు ప్రకారం నిలబెడుతుంది. కుట్టుమిషన్లు బాగుచేసే మావయ్య ఒక్క విషయంలో మాత్రం ఆ అమ్మాయిని ఆపాడు. "అన్నీ సర్దుకో తల్లీ, మీ అత్త గ్లాసు, దువ్వెన, తాళాలు మాత్రం ఉన్నచోటే ఉండనీ," అన్నాడు. ఎందుకని అడిగితే, "అదంతే," అన్నాడు.

కంట్రోల్ రూములో తెర చూసిన మొదటి రోజే పిల్లకు ఒళ్లు జలదరించింది.

"ఇదేంటత్తా, దువ్వని జుట్టులా! ఏది మట్టమో ఏది ఒత్తిడో ఎలా తెలుస్తుంది మీకు?"

"అలవాటైపోయిందిలే," అంది అత్త, కిటికీ వైపు చూస్తూ.

పిల్ల ఊరుకుంటుందా? పైథాన్ అనే కంప్యూటరు భాషలో కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టింది. వరదలా వచ్చే విలువల్ని వరసలో పెట్టడానికి అందులో ముందే రాసిపెట్టిన ముక్క, మాడ్యూలు అనేది, ఒకటి ఉంటుందట. ఏ విలువకు ఎంత వెడల్పు, దశాంశ చుక్క తర్వాత ఎన్ని స్థానాలు, ఎడమకు ఆనాలా కుడికి ఆనాలా, ఖాళీ మిగిలితే దేంతో నింపాలి, ఇవి ముందుగా చెప్పేస్తే చాలు. ఇక వచ్చిన ప్రతి అంకెనూ అదే పట్టుకుని దాని గడిలో కూర్చోబెడుతుంది. భోజనాల దగ్గర ఇది చెబుతుంటే పిల్ల కళ్లు మెరిసిపోయేవి.

"మావయ్యా, నీ స్క్రూల డబ్బాలో సైజుకో గడి ఉంటుంది కదా? అచ్చం అలాగే. పెద్దదొచ్చినా చిన్నదొచ్చినా గడి మాత్రం కదలదు."

"అంటే అన్ని వరసలూ ఒకే పొడుగా?" అని అత్త అడిగింది.

"ఒకే పొడుగు అత్తా! స్కేలు పెట్టి కోసినట్టు."

అత్త గ్లాసు కోసం చెయ్యి చాచింది. అది ఉన్నచోటే ఉంది.

ఆ అమ్మాయికి మనసులో ఒక ముల్లు ఉండేది. అత్త తన మొహం చూసి మాట్లాడదు. ఏం చెప్పినా చెవి పక్కకో, భుజం పైకో చూస్తుంది. తన రాక ఇష్టం లేదేమో, మొహమాటానికి ఉండనిస్తోందేమో అని తనలో తనే నలిగిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక మావయ్యను అడిగేసింది.

"నేనిక్కడ ఉండటం అత్తకు ఇష్టం లేదా? ఒక్కసారి కూడా నా మొహం చూడదు."

"దానికెవరి మొహం నచ్చింది గనక? నా మొహం చూసి పెళ్లాడిందనుకుంటున్నావా?" అని నవ్వించాడు గానీ, ఆ తర్వాత ఆయన చేతిలో స్క్రూడ్రైవరు చాలాసేపు కదలకుండా ఉండిపోయింది.

కొత్త ప్రోగ్రాము పెట్టిన రోజు ఇంజనీరు స్వయంగా వచ్చి చూశాడు. నిలువు వరసలు నిలువుగా, అంకె కింద అంకె, ముందు ఖాళీలన్నీ సున్నాలతో నిండి, తెరంతా ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. "ఇదీ పనంటే!" అన్నాడాయన. ఇలా పనిచేస్తే నెలాఖరుకు ఆ అమ్మాయి పోస్టు పొడిగించడానికి అడ్డేమీ ఉండదని అందరి ముందూ అన్నాడు. రేడియో చప్పట్లు కొట్టాడు. కంట్రోలమ్మ కూడా కొట్టింది. ఆమెకు కనిపించింది ఒక బూడిదరంగు పలక. దానికి నాలుగు అంచులున్నాయి, అవి కదలవు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిల్ల పొంగిపోతూ పక్కనే నిలబడి ఉంది, నెలాఖరు దగ్గర్లోనే ఉంది. ఇప్పుడు ఈ ప్రోగ్రాము వద్దంటే ఎందుకని అడుగుతారు. చెబితే తన కుర్చీ, చెప్పకుండా వద్దంటే పిల్ల ఉద్యోగం. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. రేడియోను మాత్రం గంటకొకసారి కాదు, ఐదు నిమిషాలకొకసారి చదివించేది. "ఏదీ, ఇంకోసారి గట్టిగా చదువు!" తన గొంతుకు ఇన్నాళ్లకు విలువ తెలిసిందని అతను మురిసిపోయాడు.

అయితే రేడియోకు కూడా పన్ను నొప్పి వస్తుంది. పీకించుకోవడానికి ఒక మధ్యాహ్నం సెలవు పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆమె కళ్లలో వత్తులు వేసుకుని తెర ముందు కూర్చుంది. దగ్గరికి జరిగి చూసింది, పక్కకు తిరిగి చూసింది, లేచి గోడ దగ్గర నిలబడి చూసింది. పలక పలకలాగే ఉంది. పొంగితే మోగాల్సిన అలారం ఒకటుండేది గానీ అది అయినదానికీ కానిదానికీ కూస్తోందని ఎప్పుడో వైరు పీకి పడేశారు. కొండ మీద ట్యాంకుకు నీళ్లు నిండాక మూసుకోవాల్సిన వాల్వు ఆ రోజు మూసుకోలేదు. మట్టం వెయ్యి దాటింది. ఆ అంకె తన ముందున్న సున్నాను తీసేసి బుద్ధిగా దాని గడిలో కూర్చుంది. పై అంతస్తు నుంచి ఇంజనీరు ఫోను చేసి, "అంతా బాగానే ఉందా?" అని మామూలుగా అడిగాడు. "బాగానే ఉంది సార్," అందామె.

నీళ్లు కొండ వాలున దిగి, కింది సందు పక్కనున్న రాతిగోడ పునాదిని నానబెట్టి నానబెట్టి కోసేశాయి. గోడ కూలింది. అది బడిపిల్లలు ఇళ్లకెళ్లే దారి. బడి వదలడానికి ఇంకా కొంచెం సేపుంది కాబట్టి రాళ్ల కింద ఎవరూ పడలేదు. అంతే. అంతకుమించి ఎవరి గొప్పతనమూ అందులో లేదు.

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. గోడ కూలిందన్న మాట కన్నా, బడి ఇంకా వదల్లేదన్న మాటే చెవిలో పదేపదే వినిపించింది.

మర్నాడు పొద్దున్నే కంట్రోల్ రూములోనే విచారణ పెట్టారు. ఇంజనీరు, రేడియో, అత్తా మేనకోడళ్లు. రేడియో బుగ్గ వాచి జీవితంలో మొదటిసారి మౌనంగా ఉన్నాడు.

"పాత ప్రోగ్రాము ఉన్నన్నాళ్లూ ఇలా ఒక్కసారి కూడా జరగలేదు," అన్నాడు ఇంజనీరు. "కొత్తది వచ్చింది, ట్యాంకు పొంగింది. కంట్రోలమ్మ కళ్లు పడకపోవడం అనేది ఉండదు. కాబట్టి అంకె సరిగ్గా చూపించి ఉండదు."

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. ఇక్కడ మద్దెలే నోరు విప్పి మాట్లాడగలిగింది. అమ్మాయి ముందురోజు విలువలన్నీ మళ్లీ తెర మీద నడిపింది. కొండ ట్యాంకు, మట్టం, వెయ్యి దాటిన అంకె. ఎవరి కళ్లకైనా కనిపించేంత స్పష్టంగా ఉంది.

అంకె ఉంది, చూసే మనిషి కుర్చీలో ఉంది. మరి? అమ్మాయి తల తిప్పి అత్త వైపు చూసింది. అత్త కిటికీ వైపు చూస్తోంది. కునుకు పట్టి ఉంటుంది పాపం అనుకుంది పిల్ల. తనకు నీడనిచ్చిన ఇల్లు, పెట్టిన అన్నం గుర్తొచ్చాయి.

"తప్పు నాదే సార్. ముందు సున్నాలు పెట్టి అన్నీ ఒకేలా చేసేశాను. ఎవరైనా పొరబడతారు. అత్త... మేడం తప్పేం లేదు."

"అలాగైతే నీ పోస్టు గురించి నేనింక చెయ్యగలిగిందేమీ లేదమ్మా," అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

కంట్రోలమ్మ లేచింది. కుర్చీ చప్పుడైంది.

"సార్, ఆ అమ్మాయి నా కోసం అబద్ధం చెబుతోంది. ఎందుకు చెబుతోందో దానికే తెలీదు. నిన్నటి అంకెల్నే పాత ప్రోగ్రాములో నడిపించండి ఒకసారి."

ఆమె వెళ్లి తలుపు పక్కన, తెరకు అంత దూరంలో నిలబడింది. పాత వరసలు ఎప్పటిలా ఎగుడుదిగుడుగా పాకడం మొదలుపెట్టాయి. ఆమె తెర వైపు కాదు, తెర పక్కనున్న గోడ వైపు చూస్తోంది.

"రెండో పంపు ఆగింది. మళ్లీ ఎత్తుకుంది," అంది. కాసేపయ్యాక చెయ్యి పైకెత్తింది. "ఇదిగో! గుంపులో ఆఖరి వరస. కొండ ట్యాంకు. బయటికొచ్చేసింది."

నిజమే.

"ఇప్పుడు అవే అంకెలు కొత్తదాంట్లో పెట్టు," అంది మేనకోడలితో.

పెట్టింది. చక్కటి వరసలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి. కొండ ట్యాంకు మూడంకెల్లో ఉంది, నిండింది, వెయ్యి దాటింది, ఇంకా ఇంకా ఎక్కింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె గోడ వైపు చూస్తూ ఓపిగ్గా నిలబడింది. విలువలు అయిపోయాయి. తెర ఆగిపోయింది.

"మొదలుపెట్టావా అమ్మాయ్?" అని అడిగింది కంట్రోలమ్మ.

రేడియో వాచిన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని తల దించుకున్నాడు. డేగ కళ్లని ఊరంతా టముకు వేసింది అతనే.

ఆ తర్వాత ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. డాక్టరు మాట, అంచుల సంగతి, రేడియో చేత చదివించడం, నిన్న ఫోనులో బాగానే ఉందని చెప్పడం, అన్నీ. "బడి వదిలాక కూలి ఉంటే ఈపాటికి నేను మిమ్మల్ని ఈ మొహంతో చూసేదాన్ని కాదు సార్. ఇప్పుడు మాత్రం చూస్తున్నానా అనకండి," అని ఓ చిన్న నవ్వు నవ్వబోయింది గానీ రాలేదు.

ఇంజనీరు చెడ్డవాడు కాదు, నిదానస్తుడు. అమ్మాయి పోస్టుకు ఢోకా లేదన్నాడు. హద్దు దాటిన విలువ వరసలోంచి బయటికి పొడుచుకొచ్చేలా మార్చమన్నాడు, కళ్లున్నవాళ్లకైనా అది మేలేనని. పీకేసిన అలారం వైరు గురించి ఎవర్నో కేకలేశాడు. కంట్రోలమ్మను ఆ రోజు నుంచే కిటికీ పక్క కుర్చీలోంచి తీసి, నీళ్లు రావట్లేదని జనం చేసే ఫోన్లు అందుకునే బల్ల దగ్గరికి మార్చాడు. ఆమెకు ఊళ్లో ప్రతి సందూ తెలుసు కాబట్టి అది దయ కాదు, పనే. ఆమె అలాగేనంది. సొరుగులోంచి దువ్వెన, టీ గ్లాసు తీసుకుని సంచిలో వేసుకుంది. ఆ కుర్చీ వీపును ఒకసారి చేత్తో తడిమింది. బాధేసింది, చాలా బాధేసింది, కానీ రాత్రి నుంచి గుండెల మీద ఉన్న రాయి కూడా దిగింది.

వెనకాలే మేనకోడలు పరిగెత్తుకుంటూ వచ్చి మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఇంట్లో అయినా చెప్పొచ్చు కదా అత్తా! నాతో చెబితే నేనా వరసలు అలా చేసేదాన్నా?"

"చెబితే నువ్వు పని మానేసేదానివి. అంత బాగా చేశావు మరి."

"మావయ్యకు తెలుసా?"

"చెప్పలేదు. కానీ నా గ్లాసు ఇన్నేళ్లలో అంగుళం కదల్లేదు. తెలియకుండా ఎలా ఉంటుందిలే."

పిల్ల లోపల ఎన్నాళ్లనుంచో ఉన్నది బయటికొచ్చేసింది. "నేనేమో... నీకు నేనంటే ఇష్టం లేదనుకున్నాను. నువ్వెప్పుడూ నన్ను చూడవు."

కంట్రోలమ్మ మొహం మెట్ల కిటికీ వైపు తిప్పుకుంది. ఆ పాత అలవాటే అనుకుని పిల్ల చటుక్కున ఆమె చూపుకు ఎదురుగా వెళ్లి నిలబడబోయింది.

"అటు రాకే! అక్కడికొస్తే మాయమైపోతావు. ఉన్నచోటే ఉండు."

అమ్మాయి ఆగిపోయింది. అత్త కిటికీ ఊచల వైపే చూస్తోంది. ఎండకు కళ్లు చికిలించింది. అలా చాలాసేపు చూసింది.

"గడ్డం అచ్చు మీ నాన్నదే," అంది చివరికి. "వచ్చిన రోజే చూశాను. ఇంక ఏడుపాపు, పైన అందరూ ఉన్నారు."